క్లచ్ విడవకపోవడం (పాత కార్లు)

క్లచ్ విడవకపోవడం అనగా గేర్లు చేతితో మార్చే మోటారు వాహనంలో క్లచ్ పెడల్‌ను చివరిదాకా తొక్కినప్పటికీ ఇంజనుకూ గేర్ బాక్సుకూ మధ్య సంబంధం పూర్తిగా తెగకపోవడం. ఇంగ్లీషులో దీనిని క్లచ్ డ్రాగ్ అంటారు. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన లోపం క్లచ్ జారడం. జారే క్లచ్‌లో ఇంజను వేగం పెరిగినా బండి వేగం పెరగదు. విడవని క్లచ్‌లో బండి ఆగినా ఇంజను చక్రాలను లాగుతూనే ఉంటుంది. రెండూ క్లచ్ జబ్బులే కావడం వలన ఒకదానికి చేయవలసిన వైద్యం రెండవదానికి చేసి చెడగొట్టుకోవడం సాధారణం. డ్రైవర్లు ఈ లోపాన్ని "గేరు పడడం లేదు" అనే మాటతో చెబుతారు.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మహీంద్రా జీపు వంటి పాత బండ్లలో ఈ లోపం తరచుగా కనిపిస్తుంది. పద్మిని ఉత్పత్తి 2001 ప్రాంతంలోను, అంబాసిడర్ ఉత్పత్తి 2014లోను ఆగిపోయాయి. ఇప్పుడు మిగిలిన బండ్లలో చాలావరకు రోజూ నడిచేవి కావు, నెలల తరబడి షెడ్లలో నిలిచి ఉండేవి. ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలానికి (సుమారు 120 కి.మీ.), అక్కడి నుండి చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్‌కు పోయే అటవీ మార్గం ఇటువంటి బండికి కఠినమైన పరీక్ష. జూన్ నుండి సెప్టెంబరు వరకు వానలు, గోదావరి వరదలు, వాగులు, ఆపై మలుపుల ఘాట్ ఉన్న ఈ దారిలో భద్రాచలం దాటిన తరువాత మెకానిక్ షెడ్డు దొరకడం అరుదు. అందువలన లోపం ఎక్కడ ఉన్నదో బయటి నుండే తెలుసుకొనే పద్ధతి ఇక్కడి వాహనదారులకు అవసరమైన విద్య.

పనిచేసే విధానం

ఇంజను వెనుక తిరిగే బరువైన చక్రాన్ని ఫ్లైవీలు అంటారు. దానికి బిగించిన ప్రెషర్ ప్లేటు తన స్ప్రింగుల బలంతో మధ్యలో ఉన్న క్లచ్ ప్లేటును ఫ్లైవీలుకు అదిమి పడుతుంది. క్లచ్ ప్లేటు గేర్ బాక్సు నుండి వచ్చే షాఫ్టు మీద, గాడుల వెంట ముందుకూ వెనక్కూ జరిగేటట్లు అమర్చి ఉంటుంది. పెడల్ తొక్కినప్పుడు రిలీజ్ బేరింగు ప్రెషర్ ప్లేటు మధ్యనున్న వేళ్ళను (మెకానిక్కులు ఫింగర్లు అంటారు) నెట్టుతుంది. అప్పుడు ప్రెషర్ ప్లేటు వెనక్కి జరిగి, క్లచ్ ప్లేటు స్వేచ్ఛగా నిలుస్తుంది.

ఇక్కడ గమనించవలసినది కొలతల తేడా. పెడల్ అయిదారు అంగుళాలు కదిలితే లోపల ప్రెషర్ ప్లేటు కదిలేది ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే. అది ప్లేటుకు రెండు వైపులా పంచుకోగా ఒక్కొక్క వైపు మిగిలే ఖాళీ అర మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటుంది. కాలి దగ్గర నుండి ఫ్లైవీలు దాకా ఉన్న గొలుసులో ఎక్కడ కొంచెం కదలిక వృథా అయినా ఆ ఖాళీ మాయమవుతుంది. పిన్ను అరగడం, నూనెలో గాలి చేరడం, రబ్బరు గొట్టం ఉబ్బడం వంటి చిన్న కారణాలు చాలు. క్లచ్ విడవడం లేదనగానే గేర్ బాక్సు దింపించడం పొరపాటు కావడానికి ఇదే కారణం. పాత బండ్లలో ఈ లోపానికి మూలం చాలాసార్లు గేర్ బాక్సు బయటనే ఉంటుంది. దింపడానికి ఒక రోజు పని, కూలి అవుతాయి; బయటి పరీక్షలకు అరగంట చాలు.

లక్షణాలు, నిర్ధారణ

ఇంజను నడుస్తుండగా ఒకటవ గేరు లేదా రివర్స్ గేరు వేయబోతే గరగరమని శబ్దం రావడం, ఇంజను ఆపితే అదే గేరు సులువుగా పడడం దీని ముఖ్య లక్షణం. గేరులో ఉంచి పెడల్ పూర్తిగా తొక్కి ఉంచినా చదునైన నేల మీద బండి మెల్లగా ముందుకు పాకడం మరొకటి.

రివర్స్ గేరు పరీక్ష నమ్మదగినది. చాలా పాత బండ్లలో రివర్స్‌కు సింక్రోమెష్ ఉండదు కనుక లోపలి షాఫ్టు తిరుగుతున్నదీ లేనిదీ అది దాచదు. ఇంజను వేడెక్కిన తరువాత, న్యూట్రల్‌లో ఉంచి, పెడల్ పూర్తిగా తొక్కి పది సెకన్లు ఆగి, మెల్లగా రివర్స్ వేయాలి. ఆ సమయంలో షాఫ్టు ఆగిపోయి ఉంటే గేరు నిశ్శబ్దంగా పడుతుంది. పది సెకన్ల తరువాత కూడా పళ్ళు కొరికిన శబ్దం వస్తే క్లచ్ విడవడం లేదని అర్థం. పరీక్షకు ముందు బండి ముందూ వెనుకా మనుషులు లేకుండా చూడాలి.

రెండు విషయాలు ఈ లోపంగా భ్రమింపజేస్తాయి. మొదటిది, పాత అంబాసిడర్‌లో ఒకటవ గేరుకు సింక్రోమెష్ లేదు. బండి కదులుతుండగా ఒకటవ గేరులోకి దించితే శబ్దం రావడం దాని స్వభావం. రెండవది, పాత అంబాసిడర్, పద్మినిలలో గేరు కడ్డీ స్టీరింగు గొట్టం పక్కన ఉంటుంది. అక్కడి నుండి గేర్ బాక్సు దాకా పోయే కడ్డీల కీళ్ళు, బుష్‌లు అరిగితే గేరు పడదు, లేదా రెండు గేర్లు ఒకేసారి పట్టుకుంటాయి. ఇంజను ఆపిన తరువాత కూడా గేరు కష్టంగానే పడుతుంటే దోషం క్లచ్‌ది కాదు, ఈ కడ్డీలది. ఈ ఒక్క తేడా గమనించకపోవడం వలన మంచి క్లచ్ ప్లేట్లను మార్చిన సందర్భాలు తక్కువేమీ కావు.

పెడల్ నుండి లోపలికి వెదకడం

ముందుగా చూడవలసినది కాలి కింది పట్టా. వానకాలంలో బురద కోసం పరిచిన అదనపు పట్టా పెడల్ కింద మడతపడి అంగుళం దూరాన్ని తినివేయగలదు. చెప్పడానికి చిన్నదిగా ఉన్నా షెడ్డుకు వచ్చిన బండ్లలో ఇదీ ఉంటుంది.

తరువాత పెడల్‌ను చేతితో నొక్కి, బరువు తగిలే ముందు అది ఎంత వదులుగా కదులుతున్నదో కొలవాలి. ఈ వదులును ఫ్రీ ప్లే అంటారు. చాలా పాత బండ్లలో ఇది పెడల్ దగ్గర సుమారు 20–25 మి.మీ. ఉంటుంది, ఖచ్చితమైన అంకె ఆ బండి మాన్యువల్‌లో చూసుకోవాలి. వదులు మరీ ఎక్కువైతే క్లచ్ విడవదు, అసలు లేకపోతే క్లచ్ జారుతుంది, రిలీజ్ బేరింగు కూడా త్వరగా పోతుంది. పెడల్‌ను తోపుడు కడ్డీకి కలిపే పిన్ను, దాని రంధ్రం కోలగా అరిగి ఉంటే వదులు అక్కడే పుడుతుంది. పెడల్ నిష్పత్తి అయిదు అనుకుంటే కడ్డీ దగ్గర పోయిన ప్రతి మిల్లీమీటరుకు పెడల్ దగ్గర అయిదు మిల్లీమీటర్లు వృథా అవుతాయి. అరిగిన పిన్నును మార్చకుండా సర్దుబాటు నట్టును బిగించడం తాత్కాలిక ఉపాయం మాత్రమే.

కడ్డీలతో గాని తీగతో గాని పనిచేసే క్లచ్‌లు కల బండ్లలో (మారుతీ 800ది తీగ క్లచ్) తీగ పోగులు తెగడం, తొడుగు సాగడం, తొడుగు ఆనే చోట రేకు తుప్పుపట్టి వంగడం చూడాలి. ఒకరు పెడల్ తొక్కుతుండగా మరొకరు ఆ రేకును గమనిస్తే అది లోనికి వంగడం కంటికి కనబడుతుంది. ఇంజను కింది రబ్బరు దిమ్మెలు నూనెకు నాని మెత్తబడినప్పుడు కూడా పెడల్ తొక్కినకొద్దీ ఇంజనే కదిలి, కడ్డీల కదలికను తినివేస్తుంది.

హైడ్రాలిక్ క్లచ్

అంబాసిడర్‌లో క్లచ్ నూనె ఒత్తిడితో పనిచేస్తుంది. పెడల్ మాస్టర్ సిలిండర్‌ను నొక్కగా, నూనె గొట్టం ద్వారా పోయి గేర్ బాక్సు పక్కనున్న స్లేవ్ సిలిండర్‌ను తోస్తుంది. ఈ పద్ధతిలో లోపం ఎక్కడున్నదో పెడలే చెబుతుంది. ఒక్కసారి తొక్కితే గేరు పడక, వెంటవెంటనే రెండు మూడు సార్లు తొక్కితే పడుతుంటే నూనెలో గాలి చేరి ఉండాలి, లేదా మాస్టర్ సిలిండర్ రబ్బరు కప్పు బలహీనపడి ఉండాలి. తొక్కిన వెంటనే గేరు పడి, సిగ్నల్ దగ్గర పెడల్ పట్టుకొని ఉండగా అర నిమిషంలో బండి పాకడం మొదలుపెడితే నూనె కప్పును దాటి లోలోపల వెనక్కి పోతున్నది. అటువంటప్పుడు బయట చుక్క కూడా కారదు, నూనె మట్టం తగ్గదు. అందుచేత "నూనె నిండుగానే ఉన్నది" అనే మాట మాస్టర్ సిలిండర్‌కు నిర్దోషి పత్రం కాదు.

నూనె మట్టం తగ్గుతుంటే మాత్రం అది ఎక్కడికో పోతున్నదన్నమాట. పెడల్ వెనుక తడి ఉంటే మాస్టర్ సిలిండర్, స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగును వేలితో ఎత్తినప్పుడు నూనె జారితే స్లేవ్ సిలిండర్ కారుతున్నట్లు. మధ్యనున్న రబ్బరు గొట్టం వయసు మీరితే, పెడల్ తొక్కినప్పుడు ఒత్తిడికి ఉబ్బి నూనె బలాన్ని తానే మింగుతుంది. ఒకరు తొక్కుతుండగా గొట్టాన్ని పిడికిట పట్టుకుంటే ఈ ఉబ్బు చేతికి తెలుస్తుంది.

అన్నిటికంటె ఉపయోగపడే కొలత స్లేవ్ సిలిండర్ కడ్డీ కదలిక. పెడల్ పూర్తిగా తొక్కించి కడ్డీ ఎంత బయటికి వచ్చినదో స్కేలుతో కొలవాలి. చాలా పాత కార్లలో ఇది అర అంగుళం దరిదాపుల్లో ఉంటుంది. కొలత మాన్యువల్ చెప్పినంత ఉండి కూడా క్లచ్ విడవకపోతే లోపం బెల్ హౌసింగ్ లోపల ఉన్నది. కొలత తక్కువైతే లోపం బయట ఉన్నది, గేర్ బాక్సు దింపవలసిన పని లేదు. ఈ పరీక్షకు స్కేలు తప్ప మరే పనిముటూ అక్కరలేదు.

గాలి తీయడానికి స్లేవ్ సిలిండర్ మీది నిపుల్‌కు సన్నని పారదర్శక గొట్టం తొడిగి, రెండవ కొసను కొంచెం నూనె ఉన్న సీసాలో ముంచాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోగా రెండవవారు నిపుల్ వదులు చేసి, పెడల్ పైకి లేవకముందే బిగించాలి. బుడగలు ఆగేవరకు ఇలా చేస్తూ, మధ్యమధ్య మాస్టర్ సిలిండర్‌లో నూనె నింపుతూ ఉండాలి. మట్టం అడుగంటితే పని మళ్ళీ మొదటికి వస్తుంది. కొన్ని పాత కార్లలో మాస్టర్ సిలిండర్ డ్రైవరు కాళ్ళ కింద, నేల పలక అడుగున ఉంటుంది. మూత తీసే ముందు చుట్టూ ఉన్న బురద తుడవకపోతే అది నూనెలో పడి కొత్త కప్పులను కూడా కోస్తుంది.

ఇందులో పోయవలసినది బ్రేక్ నూనె (సాధారణంగా డాట్ 3 లేదా డాట్ 4). ఇంజను ఆయిల్ పోస్తే రబ్బరు కప్పులు ఉబ్బి మొత్తం వ్యవస్థ పాడవుతుంది. బ్రేక్ నూనెకు గాలిలోని తేమను పీల్చుకొనే గుణం ఉన్నది. వానలు ఎక్కువగా ఉండే గోదావరి తీరంలో నిలిపి ఉంచిన బండిలో ఆ తేమ సిలిండర్ లోపలి గోడను తుప్పుపట్టించి గుంటలు చేస్తుంది. గుంటలు పడిన సిలిండర్‌లో కొత్త కప్పులు వేసినా కొద్ది రోజులకే కోసుకుపోతాయి. అప్పుడు సిలిండర్ మార్చడమో, లోపల కొత్త తొడుగు వేయించడమో చేయాలి. రెండేళ్ళకొకసారి పాత నూనె తీసి కొత్తది నింపడం దీనికి చవకైన నివారణ. ఈ నూనె రంగును తినివేస్తుంది కనుక ఒలికిన చోట వెంటనే నీటితో కడగాలి.

తేమ, వరద, అతుక్కుపోయిన ప్లేటు

నిన్నటిదాకా బాగున్న క్లచ్, బండి కొన్ని నెలలు నిలిచిన తరువాత ఒక్కసారిగా విడవడం మానేస్తే, పెడల్ బరువు, స్లేవ్ కడ్డీ కదలిక సరిగానే ఉంటే, క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు అతుక్కుపోయి ఉండే అవకాశం ఎక్కువ. ఫ్లైవీలు, ప్రెషర్ ప్లేటు పోత ఇనుముతో చేసినవి. తేమకు వాటి మీద పట్టిన తుప్పు క్లచ్ ప్లేటు పూతలోకి చొచ్చుకుపోయి జిగురులా పట్టుకుంటుంది. షాఫ్టు గాడులు తుప్పుపట్టి ప్లేటు వాటి మీద జరగకపోవడం ఇదే కోవకు చెందినది.

భద్రాచలం ప్రాంతంలో ఇది వరదలతో ముడిపడిన విషయం. భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ చేస్తారు. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. ఇటువంటి వరదలలో మునిగిన బండికి ఇంజను కంటె ముందు బెల్ హౌసింగ్‌లోకి నీరు చేరుతుంది, ఎందుకంటే అది ఇంజను కింది భాగంలో ఉంటుంది, చాలా బండ్లలో దాని అడుగున నూనె కారిపోవడానికి వదిలిన రంధ్రం ఉంటుంది. నీటితో పాటు వచ్చే సన్నని ఒండ్రు అదే రంధ్రాన్ని పూడ్చి, నీరు బయటికి పోకుండా చేస్తుంది. మునిగిన బండిని స్టార్టు చేయడానికి ముందు ఈ రంధ్రాన్ని తీగతో శుభ్రపరచాలి. ఇంజను, గేర్ బాక్సు నూనెలు పాలలా తెల్లబడినవేమో చూడాలి, బ్రేక్, క్లచ్ నూనెలు పూర్తిగా మార్చాలి. లోతైన వాగులు దాటే జీపులకు కూడా ఈ జాగ్రత్త వర్తిస్తుంది.

అతుక్కున్న ప్లేటును విడదీయడానికి మొదట మెత్తని ఉపాయాలే ప్రయత్నించాలి. ఇంజనును న్యూట్రల్‌లో ఇరవై నిమిషాలు నడిపి వేడెక్కించి, ఆపి, పెడల్‌ను పూర్తిగా తొక్కి సీటుకూ పెడల్‌కూ మధ్య కర్ర ఆనించి రాత్రంతా ఉంచితే కొన్నిసార్లు ఉదయానికి విడిపోతుంది. విడిపోకపోతే, చదునైన ఖాళీ స్థలంలో బండిని టాప్ గేరులో పెట్టి, చేతి బ్రేకు, కాలి బ్రేకు రెండూ గట్టిగా పట్టుకొని, క్లచ్ తొక్కి ఉంచి, స్టార్టరును ఒక్క క్షణం తిప్పాలి. ఆ కుదుపుకు ప్లేటు ఊడవచ్చు. ఇంకా మొండికేస్తే, వాహనాలు లేని తిన్నని దారి మీద బండిని రెండవ గేరులో నడుపుతూ, క్లచ్ తొక్కి ఉంచి యాక్సిలరేటరును నొక్కి వదులుతూ పోవడం చివరి ఉపాయం. వెనుక చక్రాలను జాకీ మీద ఎత్తి, ఇంజను నడిపి, ఒక్కసారిగా బ్రేకు వేసే పద్ధతిని కొందరు పాటిస్తారు. బండి జాకీ మీది నుండి దూకి ప్రాణాపాయం కలగవచ్చు కనుక అది కూడని పని.

బలవంతంగా విడిపోయిన ప్లేటు పూత కొంత ఫ్లైవీలుకే అంటుకొని ఉండిపోవచ్చు. ఆ తరువాత క్లచ్ వణుకుతూ పట్టుకుంటుంటే విప్పి చూడక తప్పదు. బండి నిలిపి ఉంచే రోజుల్లో పదిహేను రోజులకొకసారి ఇంజను నడిపి, పెడల్‌ను పదిసార్లు తొక్కి వదిలితే ఈ బాధ చాలావరకు రాదు.

బెల్ హౌసింగ్ లోపలి లోపాలు

బయట అంతా సరిగా ఉందని తేలిన తరువాతనే గేర్ బాక్సు దింపాలి. దింపే ముందు ఒక పరీక్ష మిగిలి ఉన్నది. ఇంజను ఆపి, ఒకరు క్లచ్ తొక్కి వదులుతుండగా ముందు వైపు క్రాంకు పుల్లీని చూడాలి. అది కంటికి కనబడేంతగా ముందుకూ వెనక్కూ జరుగుతుంటే క్రాంకుషాఫ్టు థ్రస్ట్ వాషర్లు అరిగాయి. క్లచ్ తోపు ఇంజను షాఫ్టును జరపడంలోనే ఖర్చవుతున్నది. అది క్లచ్ పని కాదు, ఇంజను పని. అశ్రద్ధ చేస్తే దిమ్మె కూడా దెబ్బతింటుంది.

లోపల సాధారణంగా కనబడేవి వంగిన క్లచ్ ప్లేటు, ఎత్తు తేడా వచ్చిన ఫింగర్లు, అరిగిన రిలీజ్ బేరింగు, క్రాంకు చివర బిగుసుకుపోయిన పైలట్ బుష్. ప్లేటు వంగడానికి అనుభవం లేని బిగింపు ఒక కారణం. అమర్చేటప్పుడు గేర్ బాక్సు బరువును ప్లేటు మధ్య భాగం మీద వేలాడనిస్తే అది వంగుతుంది. కొత్త ప్లేటు వేసిన మరునాడే క్లచ్ విడవకపోతే మొదట అనుమానించవలసినది దీనినీ, ప్లేటు తిరగబడి బిగించబడిందేమో అన్నదానినీ. పైలట్ బుష్ బిగుసుకుంటే ప్లేటు విడిపోయినా ఇంజను షాఫ్టు గేర్ బాక్సు షాఫ్టును నేరుగా తిప్పుతుంది. ప్లేటు ఎన్నిసార్లు మార్చినా గుణం ఉండదు. పాత అంబాసిడర్ రకపు క్లచ్‌లలో రిలీజ్ బేరింగు గోళీలది కాక కార్బన్ దిమ్మె కావడం వలన, పెడల్ మీద పాదం ఆనించి నడిపే అలవాటు దానిని త్వరగా అరగదీస్తుంది.

పాత క్లచ్ ప్లేట్ల పూతలో ఆస్‌బెస్టాస్ ఉండేది. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరం. గాలి పంపుతో ఊదకుండా, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయాలి. షెడ్లలో ఈ నియమం పాటించేవారు తక్కువ.

అటవీ మార్గంలో

దారి మధ్యలో క్లచ్ పూర్తిగా విడవడం మానేసినా బండిని దగ్గరి ఊరికి చేర్చవచ్చు. చదునైన చోట ఇంజను ఆపి ఒకటవ గేరు వేసి, ముందు ఎవరూ లేరని చూసుకొని స్టార్టరు తిప్పితే బండి కుదుపుతో కదిలి ఇంజను అందుకుంటుంది. ఆ తరువాత యాక్సిలరేటరు వదిలిన క్షణంలో గేరును న్యూట్రల్‌లోకి తీసి, ఇంజను వేగం తగ్గేవరకు ఆగి పై గేరు వేయవచ్చు. ఆగవలసి వస్తే ఇంజను ఆపడమే మార్గం. ఈ విధంగా నడపడం స్టార్టరుకు, గేరు పళ్ళకు భారం కనుక అవసరానికి మాత్రమే.

ఘాట్‌లో పరిస్థితి వేరు. చింతూరుకు, మారేడుమిల్లికి మధ్య దారి ఎక్కుడు దిగుడు మలుపులతో అడవి గుండా పోతుంది. విడవని క్లచ్‌తో దిగుతూ గేరు మార్చబోతే గేరు బయటికి వస్తుంది గాని తిరిగి పడదు. అప్పుడు బండి న్యూట్రల్‌లో, కేవలం బ్రేకుల మీద దిగవలసి వస్తుంది. అంబాసిడర్ తరం కార్లకు ఎక్కువగా నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ఎడతెగకుండా తొక్కితే అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి. అందువలన దిగుడు మొదలయ్యే ముందే బండి ఆపి, ఇంజను ఆపి, రెండవ గేరు లేదా ఒకటవ గేరు వేసి, అదే గేరులో చివరిదాకా దిగాలి, మధ్యలో మార్చరాదు. రివర్స్ గేరు పరీక్షలో క్లచ్ తప్పిన బండిని అసలు ఘాట్‌కు తీసుకుపోకుండా భద్రాచలంలోనే చూపించుకోవడం ఉత్తమం.

శ్రీరామనవమి వంటి రోజుల్లో భద్రాచలం చేరే దారిలో వాహనాలు బారులు తీరి అడుగడుగునా ఆగుతూ కదులుతాయి. హాఫ్ క్లచ్ మీద గంటసేపు పాకిన ప్లేటు వేడికి ఉబ్బి, ఉన్న కొద్దిపాటి ఖాళీని మింగి, చల్లగా ఉన్నప్పుడు బాగున్న క్లచ్‌ను కూడా విడవకుండా చేస్తుంది. అటువంటప్పుడు పక్కకు తీసి అరగంట చల్లారనిచ్చి, రివర్స్ గేరుతో మళ్ళీ పరీక్షించాలి. శబ్దం లేకుండా పడితే కారణం వేడి మాత్రమే. చల్లారిన తరువాత కూడా శబ్దం వస్తే, స్లేవ్ సిలిండర్ కడ్డీ కదలికను కొలవడంతో వెదకడం మొదలుపెట్టాలి.